ఆఖరి రేకు

ఈ ట్యాంకుకు ఆఖరి రేకు వెల్డింగ్ చేసేస్తే ఆమె శిక్షణ పూర్తయినట్టే, రేపటి నుంచి ఉద్యోగం ఖాయం. కానీ ఆమె ఇంకా మాస్కు కూడా దించుకోలేదు.

“ఏమ్మా, పెళ్లికూతురిలా అలా నిలబడిపోయావేం?”

“మూసేముందు సుత్తితో మూడుసార్లు కొట్టి వినమన్నారుగా, మాస్టారూ. కొట్టాను.”

“మంచిది. ఇక కానియ్.”

“లోపల్నుంచి కూడా మూడుసార్లు కొట్టారు.”

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“లోపలికి దిగినవాళ్లెందరు?”

“ఇద్దరే. ఇద్దరూ అదుగో, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. నేనూ లైటు వేసి మూలమూలా చూశాను. పురుగు కూడా లేదు.”

“అయితే అతికించెయ్.”

“మీకేం అనిపించట్లేదా?”

“పన్నెండేళ్లుగా నేను మూసిన ప్రతి ట్యాంకులోనూ ఇదే వరస, తల్లీ. అలవాటైపోయింది.”

“మొట్టమొదటి ట్యాంకు నుంచీ ఇంతేనా?”

“లేదు. దాన్ని మూసినప్పుడు ఏ చప్పుడూ వినలేదు.”

“అదైనా ఖాళీగా ఉందన్నమాట.”

“ఖాళీగా లేదమ్మా. ఆ రోజు తొందరలో నేను కొట్టలేదు.”

ఆమె చేతిలోంచి సుత్తి తీసుకుని ఆయన నేలమీద పెట్టారు. లోపల్నుంచి మళ్లీ మూడుసార్లు వినిపించింది.