గోడ మీద కీర్తిశేషులు

రేపల్లె లైనులో మూతపడ్డ ఓ చిన్న స్టేషన్ని 2006లో మ్యూజియం చేశారు. అక్కడ ముప్పయ్యేళ్లు రైళ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసిన పెద్దాయన, గోడకి తన ఫోటో పెట్టారని విని చూడ్డానికి వచ్చాడు. చూసి పొంగిపోయాడు. తర్వాత కింద రాసింది చదివాడు. గబగబా కౌంటరులోని అమ్మాయి దగ్గరికి నడిచాడు.

"ఏమ్మా, ఆ ఫోటోలో ఉన్నది నేనే. కింద 'కీర్తిశేషులు యాకోబు' అని రాశారేంటి?"

"అయ్యో! మీరింకా ఉన్నారాండీ బాబాయిగారూ?"

"ఉండబట్టేగా అడుగుతున్నాను! ఆ ముక్క చెరిపెయ్యి."

"చెరిపితే ఫోటోనే తీసెయ్యాలండి. బతికున్నవాళ్లవి పెట్టకూడదని మా రూలు."

"రేపు మా మనవరాలి క్లాసు పిల్లలు వస్తున్నారమ్మా. గోడ మీద మా తాతున్నాడని అది బడంతా చాటింది."

"మరేం చేద్దామంటారండి?"

పెద్దాయన ఫోటో వైపు చూశాడు. నల్లటి మీసం మెలేసి, చేతిలో జెండాతో దర్జాగా నిలబడి ఉన్నాడు. దింపించడానికి మనసొప్పలేదు.

"ఉంచెయ్యమ్మా. రేపు నేనూ వస్తాను. పోలేదని పిల్లలకి నేనే చెప్పుకుంటాను."

"తప్పకుండా రండి. మా ఆఫీసరుగారు అడిగితే మాత్రం, ఆ ఫోటోలో ఆయనకి తమ్ముణ్ణని చెప్పండి."