మైకులో పిలిచిన పేరు

"అమ్మా, రేపు హాస్టల్లో నా ఫ్రెండ్స్ ముందర మాత్రం ఆ పేరుతో పిలవాకు. మనస్విని అను. సరేనా?"

ఏ పేరు? తిప్పక్క అనా? సరేలేమ్మా, పిలవను. నీకు నామోషీగా ఉంటాది, నాకు తెలీదా. మన... స్వి... ని. సూడు, పొద్దున రైల్లో వచ్చేటప్పుడంతా లోపల్లోపలే అనుకుంటా వచ్చినా. నాలుగో తరగతితో ఆపేసిన నోరు నాది, ఆ 'స్వి' కాడికి వచ్చేసరికి మడత పడతాది. రేపటికి కుదురుతాదిలే.

ఆ గుడ్డలు మడతపెట్టేది ఆపి ఇట్లా కూచో. మీ అత్త మిద్దె దిగి కూరగాయలకు పోయింది, వచ్చేలోపల ఒక మాట చెప్తా. ఆమె ముందర చెప్పేది కాదిది, ఇప్పటికీ బాధపడతాది. ఆ ఫోను ఏంటికి అట్లా నిలబెట్టినావు? రికార్డా? అయ్యో, నా గొంతు ఎవురు ఇంటారు తల్లీ. సరే, పెట్టుకో. ఎవురికీ పంపించాకు మళ్లా.

అప్పుడు కూడా ఈ ఇంట్లోనే దిగినాము, బెంగళూరులో ఈ కాటన్‌పేటలోనే. నీకు ఐదేండ్లు. మీ తమ్మునికి ఇంకా నడక రాలే, ఎప్పుడూ నా చంకలోనే. పంద్రాగస్టు సెలవులొచ్చినాయి. మీ అత్త ఫోన్ చేసి, పిలకాయల్ని పిల్చుకోని రాండి, లాల్‌బాగులో పూలు పెట్టినారు, మూడు దినాలుండి పోదురు అనింది. మీ నాయనకు అక్క మాటంటే మాటే. హిందూపురంలో రైలెక్కినాము. టికెట్టు ఇరవయ్యో, ఇరవై రెండో... ఇప్పుడు ఆ దుడ్లకు కాఫీ కూడా రాదు. నీకు టికెట్టే తీయలే, ఒడిలో కూచున్న్యావు గదా.

నాకు మొదట్నించీ భయమే. బెంగళూరంటే భయం కాదు... అదీ భయమే అనుకో, ఆ బండ్లూ ఆ జనమూ. కానీ నీ విషయంలో భయం వేరే. నీ ముందర ఇద్దరు పుట్టినారని నీకు చెప్పినా గదా. చెప్పలేదా? మీ నాయన చెప్పింటాడనుకున్న్యా. సరే, ఇప్పుడు ఇను. మొదట మొగపిల్లోడు, తొమ్మిది దినాలుండినాడు. తర్వాత ఆడపిల్ల, మూడు నెలలు. నవ్వుతా ఉండె అప్పటికే. రెండిటికీ మంచి మంచి పేర్లు అనుకున్న్యాము, పుట్టకముందే. అదే తప్పు అనింది మీ జేజి, మీ నాయనను కన్నామె.

అందుకని నువ్వు పుట్టిన మూడో దినం మీ జేజి నిన్ను చాటలో పెట్టి, దొడ్డి ఎనకాల పేడా కసువూ పోసే ఎరువు తిప్ప మీద పెట్టి వచ్చింది. నేను దొడ్డి వాకిట్లో నిలబడి సూస్తాండా. ఒక్క నిమిషమే. పక్కింటి గంగక్క పోయి ఎత్తుకోని వచ్చి, ఏమ్మా, తిప్ప మీద ఒక పిల్ల దొరికింది, కొంటావా అని అడిగింది. నేను కొంగులోంచి గుప్పెడు రాగులు ఆమె చేతిలో పోసి నిన్ను కొనుక్కున్న్యా. అంటే నువ్వు నాకు పుట్టలే. తిప్పలో దొరికినావు, అందుకే తిప్పక్క. అదీ లెక్క. ఎవురికీ పనికిరాని పిల్ల, ఎవురూ అడగరు, ఎవురూ తీసుకపోరు.

నవ్వాకు. నీకు నగు వస్తాది గానీ... సరే, నవ్వు. నువ్వు నవ్వితే నాకేం.

పదేండ్లు నిండేదాకా ఇంకో పేరు నోట్లోకి రాకూడదు, మంచి పేరుతో పిలిస్తే అది మనదే అని తెలిసిపోతాది అనింది జేజి. ఎవురికి తెలుస్తాది అంటే చెప్పలే. బళ్లో చేర్పించేటప్పుడు అయ్యవారు, ఈ పేరు ఏం బాగుంటాదమ్మా అని తనే మనస్విని అని రాసుకున్న్యాడు. నేను వచ్చి జేజికి చెప్పినా. జేజి, కాగితంలో ఉంటే ఏం కాదు, నోట్లో ఉండకూడదు అనింది. నువ్వు బళ్లో చేరి రెండు నెలలే అయ్యింటాది, అయ్యవారు కూడా తిప్పక్కా అనే పిలుస్తా ఉండె.

అట్లాంటప్పుడు వచ్చినాము ఈ ఇంటికి. వచ్చిన దినమే మెట్ల కాడ పక్కింటామె నీ గడ్డం పట్టుకోని, పుట్టా, అంటే బుజ్జీ, నీ పేరేమి అనింది. నువ్వు గట్టిగా తిప్పక్క అని చెప్పినావు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని, తిప్పెనా అని నగింది. మీ అత్త మొకం మాడిపోయింది. లోపలికి పిల్చి, సూడు, ఈడ తిప్పె అంటే కసువు పారబోసే జాగా. ఇరవై ఏండ్లుగా ఈ వీధిలో మర్యాదగా బతుకుతాండా, నా మానం తీయాకు. మూడు దినాలు మనస్విని అనే పిలువు అనింది. ఆమెకు తెలీక కాదు నీ పేరు సంగతి. తెలుసు. కానీ మనిషి ఉండే జాగాను బట్టి మారిపోతాది గదా.

నేను మీ నాయన పక్క సూసినా. మూడు దినాలే గదా అన్న్యాడు. నాకేమో ఎదురు మాట్లాడే నోరు యాడుండాది? నేను కోడిని తోలితే కోడికి కూడా ఇనపడదు అనేవాడు మీ నాయన. తల ఊపినా.

నువ్వు అడిగినావు, మనస్విని ఎవురమ్మా అని. నువ్వే పాపా అన్న్యా. కాదు, నేను తిప్పక్క అన్న్యావు. అత్త ఇంట్లో మాత్రం మనస్విని, అత్త ఇల్లు దాటితే తిప్పక్కే అని చెప్పినా. నీ కోసం చెప్పలే ఆ మాట. నా భయానికి చెప్పుకున్న్యా. దాన్ని గుర్తుపెట్టుకో, ఆ మాటే మళ్లా ఎంత పని చేసిందో చెప్తా.

మొదటి దినమే నువ్వు మెట్ల మీద జారి గడ్డం పగిలింది. ఆ మచ్చ అదే. రెండో దినం మామ మనల్నందర్నీ పెద్ద అంగడికి పిల్చుకపోతే, ఆ కదిలే మెట్లలో నీ గౌను అంచు ఇరుక్కుంది, మామ పట్టి లాగినాడు, అంచు చిరిగింది. వాళ్లందరికీ అవి మామూలు. నాకేమో ఒకటీ, రెండూ అని లెక్క. మూడోది ఏమిటి, మూడోది ఎప్పుడు అని. పొద్దున నీకు తల దువ్వేటప్పుడు ఎవురికీ ఇనపడకుండా నీ చెవిలో తిప్పక్కా, తిప్పక్కా, తిప్పక్కా అని మూడుసార్లు అనేదాన్ని. నీకు చక్కిలిగింతలు, మెడ వంచుకోని నవ్వేదానివి.

మూడో దినం పొద్దున మీ అత్త, లాల్‌బాగు పోతాండాము, ఈ పొద్దు నేనే జడేస్తా అని నిన్ను లాక్కుంది. రెండు జడలు, పచ్చ రిబ్బన్లు, ముద్దుగా వేసింది. నేను చెవిలో చెప్పలేకపోయినా. ఆటోలో చెప్దామనుకుంటే నువ్వు మామ ఒడిలో.

ఏం జనం అనుకున్న్యావు ఆడ! ఆ గాజుమేడ ముందర తాడు కట్టినారు, వరసగా పోవాల. లోపల పూలతో ఏనుగో, గుడో... నాకు ఒక్కటీ గుర్తు లే. నీ చెయ్యి ఒక్కటే గుర్తుండాది. చెమట పట్టి జారుతా ఉండె. మీ తమ్ముడు భుజం మీద పాలు కక్కినాడు. కొంగుతో తుడుద్దామని నీ చెయ్యి వదిలినా. తుడిచినా, కొంగు సర్దుకున్న్యా, చెయ్యి కిందికి పెట్టినా.

నీ చెయ్యి లే.

అంతే తల్లీ. పూలు సూసేదానికి ఎంత సేపు పడతాదో అంత సేపు కూడా కాలే.

మీ నాయన, యాడ పాప, యాడ పాప అని రెండుసార్లు అడిగి, చెరువు పక్క పరిగెత్తినాడు. ఆడ చెరువుండాదని నాకు అంతవరకూ తెలీదు. ఆయన పరిగెత్తేది సూసి తెలిసింది. మామ గేటు పక్క పోయినాడు. నేను నోరు తెరిచినా. గొంతు రాలే. నమ్ముతావా? కన్నబిడ్డ తప్పిపోయింటే ఆ జనంలో గట్టిగా పిలిచేదానికి నాకు గొంతు రాలే. ఒకరు తోస్తాండారు, ఒకరు కాలు తొక్కుతాండారు, నేను ఊరికే తిరుక్కుంటా ఉండా. పచ్చ రిబ్బన్లు పెట్టుకున్న పిల్లలు ఆడ ఎంతమందో.

మీ అత్త నా రెక్క పట్టుకోని మైకు కాడికి లాక్కపోయింది. చిన్న షామియానా, ఒకాయన కుర్చీలో కూచోని మైకులో చెప్తాండాడు, కారు తీయండి, పూలు ముట్టాకండి అని. పాప పేరు అని అడిగినాడు. మీ అత్త చెప్పింది, మనస్విని, ఐదేండ్లు, రెండు జడలు. ఆయన కన్నడంలో చెప్పినాడు. మళ్లా తెలుగులో చెప్పినాడు, పాపం. మనస్విని అనే పాప ఎవురికైనా కనపడితే మైకు కాడికి పిల్చుకోని రాండి అని. మూడుసార్లు. నాలుగుసార్లు. ఆ మంచి పేరు ఆ చెట్లన్నిటి మీదా తిరిగి మోగుతాంది. నాకు ఎట్లుండె అనుకున్న్యావు? జేజి ఒక్క నోట్లో కూడా వద్దనిన పేరు అది. లోకమంతా ఇంటాంది. ఇంక తీసుకపోయేవాళ్లకు తెలిసిపోయింది, అది నా పాపే అని తెలిసిపోయింది అనుకున్న్యా. చంకలో పిల్లోడు జారుతాండేది కూడా తెలీలే. మీ తమ్ముణ్ణి యాడ పారేస్తానో అని మీ అత్త లాక్కుంది.

అర గంట. ఎవురూ రాలే.

అప్పుడు ఏమయిందో నాకే తెలీదు. ఆయన ఇంకోసారి చెప్పేదానికి మైకు ఎత్తినాడు. అన్నా, ఇట్లియ్యి అన్న్యా. నా గొంతు నాకే కొత్తగా ఉండె. మీ అత్త, వద్దు, ఆయన చెప్తాడులే అంటాంది. నేను ఇనలే. మైకు పట్టుకున్న్యా గానీ మాట రాలే, ఊపిరి ఒకటే బుస్సుమని బయటికి పోతాంది. కండ్లు మూసుకున్న్యా. మన ఇంటి అరుగు మీద నిలబడి, అన్నానికి రమ్మని పిలుస్తాండా అనుకున్న్యా.

తిప్పక్కా... ఓ తిప్పక్కా... రామ్మా... అమ్మ ఈడుండా... తిప్పక్కా...

జనం తిరిగి సూసినారు. ఎవురో పడుసోళ్లు పడీపడీ నగినారు. మైకాయన కూడా పెదవి బిగబట్టుకున్న్యాడు. నగనీ. నేను పిలుస్తానే ఉండా.

కొంచేపటికి పక్క దావలో నుంచి ఒక ముసిలామె వచ్చింది. లాల్‌బాగులో కసువు ఊడ్చే ఆమె, చేతిలో పొడుగు చీపురు. కోపంగా వచ్చింది. నన్న కరెదిద్దు యారు? నన్ను పిలిచింది ఎవురు? పనిలో ఉండేదాన్ని పట్టుకోని మైకులో పిలుస్తారా అని. ఆమె పేరు తిప్పక్క! పావగడ పక్క మనిషి, మన మాటే. ఆమె ఇంకో చేతిని పట్టుకోని నువ్వు. ముసుకుజొన్న కంకి కొరుక్కుంటా.

నేను కింద కూచుండిపోయినా.

ఆమె చెప్పింది. నువ్వు చెట్టు కింద నిలబడి ఏడుస్తా ఉంటే కంకి కొనిచ్చిందంట. మైకులో పేరు ఇని, పాపా, మనస్విని నువ్వేనా అని అడిగిందంట. నువ్వు ఏమన్న్యావో తెలుసా? కాదు, నేను తిప్పక్క, నా పేరు అత్త ఇంట్లోనే మనస్విని అన్న్యావు. ఆమె, ఏయ్ పిల్లా, అది నా పేరు, నన్నే ఎగతాళి చేస్తావా అనిందంట. నువ్వేమో ఏడుపు ఆపేసి, పాపం, ఎవురో మనస్విని తప్పిపోయిండాదవ్వా, వాళ్లమ్మ ఏడుస్తాంటాది అన్న్యావంట.

ఏంటికి ఏడుస్తావు ఇప్పుడు? నేను ఏడ్వకుండా చెప్తాంటే.

నేను పిలిచేసరికి ఆమె తననే పిలిచినారు అనుకునింది. నువ్వేమో, అది మా అమ్మ గొంతు, మా అమ్మ అని ఆమెను లాక్కోని వచ్చినావు. నా గొంతు అంత దూరం ఇనపడింది సూడు.

నేను ఆమె కాళ్లు పట్టుకోబోతే వద్దని లేపింది. ఈ పేరు ఏంటికి పెట్టినావని నేను అడగనులేమ్మా, మా అమ్మకు నా ముందర ముగ్గురు పోయినారు అనింది. నాకిప్పుడు అరవై దాటినాయి, మోకాళ్ల నొప్పి తప్ప ఏం కాలే అని నగింది. నేను అడిగినా, మీ అమ్మకు ఆ భయం ఎప్పుడు పోయిందవ్వా అని. ఆమె చీపురు సరిచేసుకోని, మా అమ్మ పోయేదాకా పోలే అనింది. నీ నెత్తి మీద చెయ్యి పెట్టి, మళ్లా పనికి పోయింది.

మీ నాయన చెరువు కాడ నుంచి వచ్చినాడు, మోకాళ్లదాకా తడిసి. ఆటోలో సగం దూరం వచ్చినాక మీ అత్త మెల్లగా, తిప్పక్కా, నా ఒడిలోకి వస్తావా అనింది. అంతే, ఆ పొద్దు నుంచి ఆమె నోట్లో ఇంకో పేరు రాలే. ఈ వీధిలోనే, అందరి ముందర.

పదేండ్లు ఎప్పుడో నిండినాయి నీకు. పద్దెనిమిది కూడా. ఇంక ఏ పేరైనా పిలవొచ్చు, జేజి మాట తీరిపోయింది. రేపు ఎలక్ట్రానిక్ సిటీలో నిన్ను దింపి పోతాము, ఆ రోడ్లు, ఆ బస్సులు... వద్దులే, చెప్పను. నీ ఫ్రెండ్స్ ముందర మనస్విని అనే అంటా. తప్పు లేకుండా అంటా, సూడు.

ఆ దువ్వెన ఇట్లియ్యి. ఈ పక్కకు తిరుగు. కదలాకు, చిక్కుండాది. మెల్లగానే అంటాలే, చెవిలోనే, నీ ఫోనుకు కూడా ఇనపడదు... ఇంకా చక్కిలిగింతలేనా నీకు! చల్లగా ఉండు తల్లీ. మోకాళ్లు నొచ్చేంత ముసిలిదానివి కావల్ల నువ్వు...