ఆరిన్ చప్పట్లు

ఏంటీ, మీ అమ్మ ఈ హోటలుకొస్తే ఎప్పుడూ ఆ ఫోటోకి వీపు పెట్టే కూర్చుంటుందనా? కనిపెట్టేశావే! ఆ పాన్‌కేకుల సిరప్ ఇటు జరుపు, చెప్తా. పక్క వీధిలో కారు పెట్టి వచ్చేసరికి ఎలాగూ దానికి కాస్త టైం పడుతుంది. ఫోటోలో కుర్రాళ్ళంతా గంతులేస్తున్నారు కదా, ఆ పక్కన టై వంకర పోయిన బట్టతలాయన, చప్పట్లు కొడుతున్నాడు చూడు, మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆయన ఆరిన్ వెల్డే. మన యూనివర్సిటీలో ఆటల శాఖకి డైరెక్టరు. పోయి చాలా ఏళ్ళయిందిలే. నేనప్పుడు జట్టు బస్సు నడిపేవాణ్ణి, నా వెనక మొదటి సీటు ఆయనది. దారంతా కడుపుమంట బిళ్ళలు చప్పరించేవాడు. ఆ సుద్ద వాసన నాకిప్పటికీ ముక్కులోనే ఉంది.

మనది చిన్న యూనివర్సిటీ కదమ్మా. మన అమెరికాలో పెద్ద యూనివర్సిటీలకేం, టికెట్లు, టీవీ డబ్బు, చెక్కు రాసే షావుకార్లు, అన్నీ ఉంటాయి. మన స్టేడియంలో సగం బెంచీలు ఖాళీ. ఫుట్‌బాల్ మన దగ్గర సంపాదించేది కాదు, తినేది. హెల్మెట్లు, కోచ్‌లు, ప్రయాణాలు, పీకలదాకా మేసేది. ఇక ఈతకొలనుకి నీళ్ళు కాచడానికి ఆరిన్ డబ్బెక్కణ్ణించి తెస్తాడు? అందుకని ఏటా సెప్టెంబరులో ఒక పెద్ద యూనివర్సిటీకి మనవాళ్ళని తీసుకెళ్ళేవాడు. వాళ్ళకి సొంత జనం ముందు సులువుగా ఒక గెలుపు కావాలి, వచ్చి ఆడినందుకు వాళ్ళిచ్చే చెక్కు మనకి కావాలి. తన్నులు తిని డబ్బు తెచ్చుకోవడం, అంతే. అందరూ చేసే పనే, సిగ్గేం లేదు. "ఈ వీపుల మీద దెబ్బలతోనే ఆ కొలను వెచ్చగా ఉంటోంది, మెర్ల్" అనేవాడు నాతో. ఆ కొలనులోనే మీ అమ్మ ఈదేది. ఈదితేనే దాని చదువుకి ఫీజు మాఫీ. బస్సు నడిపేవాడి కూతురికి మరి ఇంకెలా?

ఎంతవరకు వచ్చాను? ఆఁ, ఆ ఫోటో తీసిన ఏడు. ఎండ మండిపోతోంది. ఆ పెద్ద యూనివర్సిటీ డైరెక్టరు, ఎర్ర కోటు, బ్రహ్మాండమైన పొట్ట, ఆరిన్ భుజం మీద చెయ్యేసి "రెండేళ్ళ తర్వాత మళ్ళీ రండయ్యా, మీరు మర్యాదస్తులు" అన్నాడు. మర్యాదస్తులంటే బుద్ధిగా ఓడేవాళ్ళని! ఈయన ఆ మాట మీదే రాబోయే కాలానికి లెక్కలేసుకున్నాడు. కాగితం ఏదీ లేదు, చెయ్యి కలపడమే. వాళ్ళలో వాళ్ళకి అదే పద్ధతి.

ఇక మనవాళ్ళు ఆడటం మొదలెట్టారు. ఏం పూనిందో ఏమో! సగం ఆటకి మనమే ముందు. నేను కంచె పట్టుకుని గొంతు చించుకుంటున్నా. పక్కకి చూస్తే ఈయన బిళ్ళ మీద బిళ్ళ నోట్లో వేసుకుంటున్నాడు. "ఒంట్లో బాలేదా సారూ?" అన్నా. "బానే ఉంది, బానే ఉంది" అన్నాడు. ఆఖరికొచ్చేసరికి ఇంకా మనమే ముందు, ఒక్క పాయింటు. వాళ్ళు బంతిని ఆ రెండు స్తంభాల మధ్యనుంచి తన్నాలి. పడితే వాళ్ళు, తప్పితే మనం. నేను "తప్పాలి, తప్పాలి" అంటున్నా. ఈయన కళ్ళు మూసుకుని గొణుగుతున్నాడు. చెవి దగ్గర పెట్టి విన్నానమ్మా. "పడాలి, దేవుడా, పడాలి" అంటున్నాడు.

తప్పింది. ఆ ఫోటో ఆ క్షణానిదే.

బస్సులో కుర్రాళ్ళు పాటలు. ఈయన నా వెనక నుంచి మెల్లగా, "ఇంక మనల్ని ఎవడు పిలుస్తాడు మెర్ల్? డబ్బిచ్చి మరీ ఓడేదెవడు?" అన్నాడు. నాకప్పుడు బుర్రకెక్కింది, ఈ గెలుపుతో కొలను డబ్బు పోయినట్టేనని. ఇంటికెళ్ళేసరికి మీ అమ్మ ఇంకా రేడియో పక్కనే ఎగురుతోంది, "నాన్నా, గెలిచాం!" అని. "ఆఁ, గెలిచాం" అని రేడియో కట్టేశా.

అనుకున్నట్టే అయింది. ఎర్ర కోటాయన ఫోనెత్తడం మానేశాడు. ఇంకెవరికి చేసినా "ఈసారికి కుదరదండీ". ఊళ్ళో షావుకార్లు చెక్కులు రాశారులే, కాదనను. దేనికి? కొత్త స్కోర్‌బోర్డుకి! "ఫుట్‌బాల్‌కే వాడాలి సుమా" అని మరీ చెప్పి ఇచ్చారు. గెలిపించాడని కోచ్‌ని వేరే యూనివర్సిటీలవాళ్ళు ఎగరేసుకుపోతామంటే, అతనికి జీతం పెంచారు. గెలిచిన పాపానికి ఖర్చు రెట్టింపు, రాబడి సున్నా. ఈయన ప్రతి గడపా ఎక్కి "ఆడపిల్లల ఈత, కాస్త చూడండి" అని అడిగాడు. అందరూ కాఫీలిచ్చి, ఆ ఆఖరి తన్ను గురించి మళ్ళీ చెప్పమన్నారు. చెప్పేవాడు పాపం, నవ్వుతూ.

వసంతంలో కొలను మూసెయ్యాలని తేల్చేశారు. ఆ సంగతి పిల్లలకి ఉత్తరం రాయొచ్చు, ఇంకెవరినన్నా పంపొచ్చు. ఈయనే వెళ్ళాడు, తడి గచ్చు మీద బూట్లతో. టోపీలు పెట్టుకున్న పిల్లలు నీళ్ళలోంచి చూసి, ఆటల డైరెక్టరొచ్చాడని, గెలిపించిన ఆయనొచ్చాడని, అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారంట. మీ అమ్మే మొదలెట్టిందంట. ఆయన ఆ చప్పట్లు అయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు. మీ అమ్మ ఆ జూన్లోనే చదువు మానేసి ధాన్యం గోదాములో పనికి...

అదుగో, వస్తోంది. లే, లే, అటు మారు, ఫోటోకి వీపుండే ఆ కుర్చీ దానికొదిలెయ్. పాన్‌కేకులు బాగున్నాయా?