సైరన్ బాబాయి వరదనాపిన బుధవారం

సైరన్ బాబాయి నోరు తెరిచాడంటే టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్లు ఓ పట్టాన లేవరు. మున్సిపల్ ఆఫీసు మేడ మీద సైరన్ మోగించడం ఆయన ఉద్యోగం. నెలకోసారి, మొదటి గురువారం, ఆ సైరన్ మూడుసార్లు కూస్తే కాలువ కింది వీధి జనమంతా కాగితాలూ మందులూ మంచినీళ్లూ ఉన్న సంచి భుజాన వేసుకుని బడి మేడెక్కాలి, హాజరు పలకాలి, దిగాలి. వరదొస్తే ఏం చెయ్యాలో అలవాటు కావడానికి పెట్టిన డ్రిల్లు అది. దానివల్ల పూట పని పోతోందని ఎవరో పైకి అర్జీ పెట్టారు. ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి వచ్చిన కొత్త ఆఫీసరమ్మ ఆ సాయంత్రం టీ గ్లాసు పక్కన నోటుబుక్కు తెరిచి కూర్చుంది. మీటింగు రేపే.

కొట్టు నడిపేది బాబాయి బావమరిది. బావ ఎన్ని కోతలు కోసినా నవ్వి ఊరుకోవడం అతనికి అలవాటే. ఇవాళ మాత్రం పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా ఆవిడ పెన్ను వంకే చూస్తున్నాడు. పోయిన వానాకాలం వరదొచ్చిన రోజు ఆ డ్రిల్లే లేకపోతే తన ఇల్లాలూ ఇద్దరు పిల్లలూ ఇవాళ ఉండేవాళ్లు కాదని అతనికి తెలుసు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు మేడమ్," అని మొదలెట్టాడు బాబాయి. "ఆ రోజు పొద్దున్నే కిటికీ తీశానా, గాలి వాసన తేడాగా ఉంది. ఎక్కడో వాన గట్టిగా పడుతోందని అర్థమైంది. అంతే."

"అదేముంది, మా ఆవిడా చెబుతుంది ఆ మాత్రం," అన్నాడు దర్జీ.

"మీ ఆవిడ వాన పడుతోందని చెబుతుందయ్యా, ఎన్ని చుక్కలు పడుతున్నాయో చెబుతుందా? నేను నేలకి చెవి ఆనించాను. పన్నెండు మైళ్ల అవతల కాలువ గట్టు చిట్లుతోంది, పటపటా, వేరుశెనక్కాయలు ఒలిచినట్టు. ఇంక ఆగుతానా, ఒక్క అంగలో మేడ మెట్లన్నీ ఎక్కేసి సైరన్ మీట నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు పోయింది!"

"అయ్యో!" అన్నాడు ఆటో డ్రైవరు.

"అయ్యో ఏంటి, నేనుండగా! సైరన్ గొట్టానికి నోరు పెట్టి నేనే ఊదాను. మొదటి కూతకి మన వీధంతా లేచింది. రెండో కూతకి పక్క ఊళ్లో పడుకున్న గేదెలు కూడా లేచి సంచులు భుజానేసుకున్నాయి."

"గేదెలకి సంచులెక్కడివి బాబాయ్?"

"మధ్యలో అడ్డు తగలకు. నెలనెలా వింటున్నాయిగా, వాటికీ అలవాటైంది. మూడో కూత సరాసరి వెళ్లి ఎదురొస్తున్న నీళ్లకి తగిలింది. తాటిచెట్టంత ఎత్తున వస్తున్న నీళ్లు బస్టాండు మలుపులో టక్కున ఆగాయి! నేను మెట్లు దిగొచ్చి ఎదురుగా నిలబడ్డాను. 'ఎవరినడిగి వచ్చారు? ఈ వీధిలోకి రావాలంటే ఆఫీసు కాగితం ఉండాలి, ఏదీ, తియ్యండి' అన్నాను. నీళ్లు మొహమొహాలు చూసుకున్నాయి. జనం మేడెక్కేదాకా నలభై నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డాయి మేడమ్. నేను తలూపాకే లోపలికొచ్చాయి. కూడా వచ్చిన చేపలైతే బడి మెట్ల దగ్గర వరసలో నిలబడి, 'ఉన్నాను సార్, ఉన్నాను సార్' అని హాజరు పలికాయి!"

బల్లంతా పగలబడి నవ్వింది. ఆఫీసరమ్మా నవ్వింది. నవ్వి, పెన్నుకి మూత పెట్టి, నోటుబుక్కు మూసేసింది.

"కథలు బాగా చెబుతారు. అర్జీలో రాసిందీ ఇదే, డ్రిల్లు పేరుతో కాలక్షేపం జరుగుతోందని," అంటూ లేవబోయింది.

బాబాయి మొహం వాడిపోయింది.

బావమరిది స్టవ్వు కట్టేశాడు. "ఒక్క నిమిషం కూర్చోండి మేడమ్. బావా, ఆ రోజు ఏ వారం?"

"గురువారం. మొదటి గురువారం."

"బుధవారం. వీళ్ల ఆఫీసు గోడకి రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంటుంది మేడమ్. చెమ్మకి రెండు కాగితాలు అంటుకుపోతే మా బావ రెండూ కలిపి చింపేశాడు. గురువారమనుకుని డ్రిల్లు సైరన్ కొట్టాడు. వాసనా లేదు, చెవీ లేదు. గట్టు తెగుతుందని ఈయనకీ తెలీదు, పై ఆఫీసుకీ తెలీదు."

బాబాయి గ్లాసులోకి తల దించుకున్నాడు.

"మేడెక్కాక రోజు తప్పని తెలిసి అందరం తిట్టాం. నేనే ఎక్కువ తిట్టాను. దిగిపోతామంటే గేటుకి అడ్డంగా నిలబడ్డాడు, హాజరు పూర్తి కాకుండా ఎవరూ కదలకూడదని. తప్పు ఒప్పుకోలేక ఆ మొండితనం. తీరా పిలిస్తే రెండు వందల ఎనిమిది మందిలో ఒకరు తగ్గారు, ఈ దర్జీ వాళ్లమ్మ. మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయింది. నన్ను గేటు దగ్గర పెట్టి తనే వెళ్లి ఆవిడని వీపున మోసుకొచ్చాడు. మెట్టు మీద దించాడో లేదో వీధిలో నీళ్లు. మోకాలిదాకా, నడుందాకా, చూస్తుండగానే మా ఇంటి కప్పుదాకా. పైనుంచి చూస్తూ నిలబడ్డాం మేడమ్. అందరం ఉన్నాం." అతను పొంగిన పాలగిన్నె పక్కకి దించాడు. "ఆ ముసలావిడ సంగతి మాత్రం ఈయన ఒక్కరోజూ చెప్పడు. చేపల సంగతి చెబుతాడు."

"మా అమ్మ ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది," అన్నాడు దర్జీ కళ్లు తుడుచుకుంటూ, "తన సంచి తేలేదని."

ఆఫీసరమ్మ మళ్లీ కూర్చుంది. "సైరన్ విన్నాక ఎంతసేపట్లో ఎక్కారు?"

"పావుగంట. నాలుగేళ్లుగా నెలనెలా ఎక్కుతున్నాం కదండీ, కాళ్లే తీసుకెళ్లిపోయాయి."

ఆవిడ పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టింది. "డ్రిల్లు ఉండాలనే రాస్తున్నాను. అప్పుడప్పుడు ముందుగా చెప్పకుండా పెట్టాలని కూడా."

బాబాయి చటుక్కున తలెత్తాడు. మొహంలోకి వెలుగొచ్చేసింది. "చూశారా! అందుకే కదా మేడమ్, ఆ రోజు కావాలనే రెండు కాగితాలూ..."

"ఇంకోటి," అంది ఆవిడ పెన్ను ఆపకుండా. "ఇకమీదట ఆ క్యాలెండర్ మీ బావమరిది చింపుతారు."