నీలం చీటీ

హెడ్మాస్టరు గది. బల్ల మీద అట్టతో చేసిన ప్రశ్నల పెట్టె. ఎదురుగా చరిత్ర టీచరమ్మ.

"చదవండి టీచరమ్మా, ఆగారేం?"

"'దేవుడు ఒక్కడే అయితే అన్ని పేర్లెందుకు?' 'ఓడిపోయిన రాజు మంచివాడా, చెడ్డవాడా?' 'ఇది పరీక్షలో వస్తుందా?' పిల్లలు ఏటా అడిగేవే సార్."

"ఆ నీలం చీటీ?"

"అదీ మామూలుదే."

"మామూలుదైతే పైకి చదవండి."

"'మన బడి కట్టకముందు ఇక్కడ ప్రార్థనామందిరం ఉండేదట కదా. దాన్నెవరు కూల్చారు?'"

"కూల్చినవాళ్ల కొడుకులే ఇవాళ మన కమిటీ. రాసిందెవరో తేల్చమన్నారు. తేలింది."

"ఎలా తేలింది? పేరు రాయక్కర్లేదని పిల్లలకి మాటిచ్చాను సార్."

"పేరెందుకు? ఆ మందిరానికి వెళ్లినవాళ్లలో ఇక్కడ మిగిలింది ఒక్క ఇల్లు. ఆ ఇంటి పిల్ల మీ క్లాసే."

"అది దాహమేసినా నోరు తెరిచి అడగదు సార్."

"నిన్న అడగ్గానే ఒప్పుకుంది."

"ఒప్పు... ఎందుకు ఒప్పుకుంది?"

"ఇదిగో టీసీ. క్లాస్ టీచరుగా మీ సంతకం ఒక్కటే తక్కువ."

"నెలలో పబ్లిక్ పరీక్షలు. ఇప్పుడు ఏ బడి చేర్చుకుంటుంది?"

"చేర్చుకోదు."

"సార్, ఆ చీటీ... ఏటా మొదటి చీటీ నేనే వేస్తాను. లేకపోతే ఒక్కరూ వేయరు. ఎడం చేత్తో రాసి వేస్తాను."

"తెలుసు."

"తెలుసా?"

"ఎడం చేత్తో రాసినా మీ రాత పిల్లలంతా పోల్చుకుంటారట. ఆ పిల్లే చెప్పింది. 'నేనే రాశానని రాసుకోండి సార్, మా టీచర్ని ఏమీ అనకండి' అని కాళ్లు పట్టుకుంది."

"అయ్యో తల్లీ. అన్నీ తెలిసి దాన్నెందుకు సార్ బలిచేయడం?"

"నేనా? విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. మధ్యలో నన్నంటారేం? కమిటీకి ఒక పేరు కావాలి. ఆ పిల్లదో, మీదో. మీ రిటైర్మెంట్ ఎప్పుడు?"

"ఇంకా పద్నాలుగు నెలలుంది."

"మీవారు మంచం మీదే ఉన్నారు కదా. ఆలోచించుకోండి, తొందరేం లేదు."

"బయట బెంచీ మీద కూర్చున్నది..."

"ఆ పిల్లే."

"ఆ తలుపు వేస్తారా సార్."

"వేశాను. చెప్పండి."

"సంతకం కింద ఇవాళ్టి తేదీ వేయమంటారా, నిన్నటిదా?"