మశూచి పాఠం తర్వాత

మర్పల్లి బడిలో మశూచి పాఠం అయిపోయింది. పిల్లలందరూ వెళ్లినా ఒక పిల్ల మాత్రం పంతులు దగ్గరే నిలబడింది.

"సార్, అమ్మ పోసినోళ్లను దాచిపెడితే నిజంగనే ఊరంత అంటుకుంటదా?"

"అంటుకుంటది బిడ్డా. అందుకే టీకాలాయనకు చెప్పాలన్న."

"చెప్తే తీస్కపోయి సంపుతరని మా నాయన అంటున్నడు."

"ఎవల్నీ సంపరు. మీ ఇంట్ల ఎవలకైంది?"

"మా చెల్లెకు. గొర్ల దొడ్డి ఎనుక గుడిసెల పండవెట్టిన్రు."

"దాని దగ్గర ఎవలుంటున్నరు?"

"మా అమ్మ. రాత్రంత ఒళ్లె పండవెట్టుకుంటది. పొద్దుగాల మీ ఇంటికి పాలు తెస్తది."

"మా ఇంటికా?"

"ఔ సార్. ఇయ్యాల మీ పాప ఏడుస్తుంటే ఎత్తుకున్నదట. పాఠం ఇన్నకాంచి నాకు గదే భయమైతున్నది. పాపకు టీకా ఏపిచ్చిన్రా?"

పంతులు గబగబా పుస్తకాలు మూసి సైకిల్ దగ్గరికి నడిచాడు.

"లేదు బిడ్డా. పసిగుడ్డు గదా, జర పెద్దగైనంక ఏపిద్దామనుకున్న."

"ఇప్పుడెట్ల సార్?"

"టీకాలాయన మోమిన్‌పేటల ఉన్నడు. సైకిల్ మీద పోయి తోల్కొస్త. మా పాపకు ఏపిచ్చి, సీదా మీ ఇంటికే వస్తం."

"మా నాయన తలుపు తియ్యడు సార్."

"మా పాప గురించి నాగ్గూడ ఆయనంత భయమున్నదని చెప్త. అప్పుడు తీస్తడు."