కాగితం మీద మండిన పొయ్యి

గంగుబాయి నోరు తెరిస్తే ఊళ్ళో పనులు ఆగిపోతాయని అంటారు. అబద్ధం. పనులు ఆగవు, చేసే మనుషులే ఆగి కూర్చుంటారు. ఆ సాయంత్రం బాపురావు ఇంటి అరుగు మీద అట్లాగే కూర్చున్నారు. వాళ్ళ చెరుకు కొట్టుడు అయిపోయింది, చేతులు ఖాళీ. చలి మెల్లగా దిగుతున్నది.

బాపురావు మొహం మాత్రం రెండు రోజులుగా ముడుచుకునే ఉన్నది. బిడ్డ గోదావరి నిజామాబాదు ఇంజనీరింగు కాలేజీలో వేడి లెక్కల పరీక్ష తప్పి ఇంటికి వచ్చింది. ఆర్నెల్ల పరీక్షే, చివరిది కాదు. అయినా బాపురావు "ఇగ సాలు" అనేశాడు. తెల్లారితే హాస్టలుకు పోవాల్సిన బస్సు ఉన్నది. బిడ్డ పెట్టె ఆ బస్సెక్కదన్నాడు. గోదావరి గడప లోపల కూర్చుని గోడను చూస్తున్నది. తల్లి రాధాబాయి అందరికీ చాయ్ పోసి, తనకు మాత్రం పోసుకోలేదు.

గంగుబాయి గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది. చెరుకు రసం కాచి చక్కెర తీసే ఖండసారి మిల్లులో పన్నెండేళ్లు పొయ్యికి చెరుకు పిప్పి వేసిన మనిషి. బడి మెట్లు ఎక్కలేదు. కిరాణా పొట్లాల కాగితాలు విప్పి విప్పి చదువు నేర్చుకున్నది.

"లెక్క తప్పితె పిల్లను ఇంట్ల కూసోవెడ్తవా తమ్మీ?" అన్నది. "ఇంజనీరు తప్పిన లెక్కను ఒక్క మాటతోని సక్కజేసినదాన్ని నేను. ఎప్పుడన్న ఇన్నవా?"

"ఇనలె అక్కా," అన్నాడు బాపురావు. "ఇప్పుడు ఇనక తప్పేటట్టు లేదు."

"తప్పదు. దేవిదాస్ సేటు ఖండసారి మిల్లు యాదికున్నదా? ఇప్పుడంటె సగం కూలిన పొగగొట్టం, దాంట్ల రామచిలుకల కాపురం. నాడు గట్ల లేకుండె. అరవై రెండో అరవై మూడో, నాకు నడుము వంగని రోజులు. పొడుగ్గ ఒకటే పొయ్యి, పాము పండుకున్నట్టు. దాని మీద వరుసకు అయిదు కడాయిలు. ఒక మూతికాడ మేము పిప్పి ఏస్తుంటె, మంట కింద కింద పారుకుంట అయిదో కడాయి దాటి గొట్టం ఎక్కుతుండె. మొదటి కడాయిల రసం కుతకుత, ఆఖరి దాంట్ల నులివెచ్చ. బెండ చెట్లు దంచి జిగురు పోస్తె మడ్డంత మీదికి తేలుతుండె, మేము తోడి పారేస్తుంటిమి. చలికాలం పొద్దుగాల గా పొయ్యి మూతికాడ కూసున్న సుఖం ఏ రాణికి దొరుకుతది? ఊరి పోరగాండ్లంత మోదుగాకు దొప్పలు పట్టుకొని అస్తుండిరి. ఇంత వేడి పాకం పోస్తె ఊదుకుంట, నాలిక కాల్చుకుంట, నాకుతుండిరి. గా వాసన మల్ల యాడ దొరకలె నాకు. బాపురావు, నువ్వు గుడ అస్తుంటివి, దొప్ప రెండుపార్లు చాపుతుంటివి."

"మూడుపార్లు," అన్నాడు బాపురావు. నవ్వలేదు గానీ, ముక్కుతో గట్టిగా గాలి పీల్చాడు, ఆ వాసన ఇంకా ఎక్కడో ఉన్నట్టు.

"సేటుకు ఆశ పుట్టింది. ఇంకో రెండు కడాయిలు పెడ్తె ఎట్లుంటదని. హైదరాబాదు నుంచి అస్లం సాబ్ అనే ఇంజనీరును పిలిపిచ్చిండు. సన్నగ, చువ్వ తీరుగ ఉండె. చేతిల ఒక జారే స్కేలు. అటు జరిపితె గుణకారం, ఇటు జరిపితె భాగారం. గాయన మా పొయ్యిని ముట్టలె. 'ముందుగాల పొయ్యిని కాగితం మీద మండిస్త' అన్నడు. మేమంత నవ్వినం. కాగితం మీద మండిస్తె కాగితం కాలుతది గద అన్న నేను. గాయన చెప్పిండు: ఇంత పిప్పి కాలితె ఇంత వేడి. గా వేడిని మొదటి కడాయి ఇంత తింటది, రెండోది ఇంత, గోడలు ఇంత, గొట్టం ఇంత. తిన్నదంత కూడితె పెట్టినదానికి సమానం రావాలె. రాకుంటె మల్ల మొదటికెల్లి అందాజ కట్టుడు, మల్ల లెక్క చేసుడు. లెక్క కుదిరితె కొత్త కడాయిలు. కుదరకుంటె గీ అయిదింటితోని గిట్టదు, మిల్లే బంజేస్త అన్నడు సేటు. నలభై మంది ఆడోళ్లం ఉంటిమి. మా ఇండ్లల్ల పొయ్యిలన్ని గా కాగితం మీదనే ఉండె."

"కుదిరిందా?" గడప లోపలి నుంచి గోదావరి. పొద్దటి నుంచి ఆమె అన్న మొదటి మాట అదే.

"కుదిరితె గిది కథ ఎందుకైతది బిడ్డా? తొమ్మిది దినాలు కుదరలె! పెట్టిన వేడి తక్కువ, తిన్న వేడి ఎక్కువ. గీ ఎచ్చు వేడి యాడికెల్లి అస్తున్నది? సాబ్ జుట్టు పీక్కున్నడు. అచ్చిననాడు ఒత్తుగ నల్లగ ఉండె, తొమ్మిదో దినానికి నెత్తి నా అరచెయ్యి తీరు అయింది. స్కేలు జరిపి జరిపి గా స్కేలుకే పొగ లేచింది, నేనే ఉరికి నీళ్ళు చల్లిన."

"స్కేలుకు పొగనా?" అన్నాడు బాపురావు.

"నీ బీడీకి రాదా? నోరు మూసుకొని ఇను. సాబ్ ఇసుగొచ్చి ఒక అంకెను జెరంత కిందికి గుంజిండు. గంతే, లెక్క గిర్రున తిరిగి ఇంకో దిక్కు పడ్డది. మూడో కడాయి మంచుకంటె సల్లగున్నదని జవాబొచ్చింది. కాగితం మీద అచ్చిందో లేదో, నిజంగ గుడ గట్లనే అయింది! గంటె పెడ్తె గంటె ఇరుక్కున్నది. రసం గడ్డకట్టింది! కింద మంట, మీద మంచు. సేటు ఊకుంటడా? గడ్డలు పగలగొట్టిచ్చి, రంపపు పొట్టుల పెట్టి, బండ్లమీద బోధన్ల షర్బత్ దుకాణాలకు పంపిండు. తియ్యటి మంచు, చెరుకు వాసన మంచు!"

"వదినే," అన్నది రాధాబాయి, "గా మంచు నేను తిన్నట్టే అనిపిస్తుంది."

"తిన్నవ్. అప్పుడు నువ్వు గుడ చిన్న పోరివి, సిగ్గుపడుకుంట లంగల దాసుకొని తిన్నవ్. సూడుండ్రి, సాక్ష్యం గుడ దొరికింది! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? సాబ్ బుగులుపడి గదే అంకెను గట్టిగ మీదికి ఎత్తిండు. ఇగ సూడు. జవాబు వంద అయింది. మల్ల లెక్కజేస్తె వెయ్యి. మల్ల జేస్తె లక్ష. చేసినకొద్ది ఒక సున్న పెరుగుడే. కాగితం సాలక గోడమీద రాసిండు, గోడ సాలక నిచ్చెన ఏసుకొని పొగగొట్టం మీద రాసుకుంట రాసుకుంట ఎక్కిండు. సున్నలు పెరిగినకొద్ది పొయ్యిల వేడి పెరిగింది. బండ్లెద్దులు కాడి ఇడిచి మంజీర దిక్కు ఉరికినయ్. మంజీర సల్లగుంటదనుకున్నయ్ పాపం! గది పొగలు కక్కుతున్నది. చేపలు ఉడికి ఒడ్డుకు అచ్చి పడ్డయ్, ఉప్పుకారం ఒక్కటే తక్కువ. మాక్లూర్ దాక చెరుకు నిలబడ్డకాడనే పాకమైంది. గడ ఇరిస్తె లోపల బెల్లం కడ్డీ. బోధన్ రైలు బొగ్గు ఎయ్యకుండనే కూతవెట్టి ఉరికింది, చాయ్ తాగుటానికి దిగిన డ్రైవరు గ్లాసు పట్టుకొని ఎనుక ఉరుకుతున్నడు. ఒక వారం ఆడోళ్లు ఎవ్వరు పొయ్యి ముట్టియ్యలె. బియ్యం కడిగి వాకిట్ల పెట్టి, పక్కింటామెతోని రెండు మాటలు మాట్లాడి అస్తె అన్నం తయారు!"

"మరి నువ్వు ఉడకలేదా అక్కా?" అన్నాడు బాపురావు.

"నేనా? పన్నెండేండ్లు గా పొయ్యి మూతికాడ కూసున్న. నన్ను ఉడకవెట్టే వేడి ఇంకా పుట్టలె. కొంగు తడిపి నెత్తిమీద ఏసుకొని నిచ్చెన కాడికి పోయిన. 'సాబ్, దిగు ముందుగాల,' అన్న. 'నీ లెక్క గొర్రెపిల్ల తీరు ఎగురుతున్నది. ఒక్కపారే గంత దూరం దుంకితె నిలుస్తదా? పాత జవాబుకు కొత్త జవాబుకు నడుమ సగం దూరమే పో. గది కుదుటపడ్డంక మల్ల సగం పో.' గట్లని బొగ్గుముక్క తీసుకొని ఒక గీత గీసిన. ఒక్కటే గీత! లక్ష వెయ్యి అయింది, వెయ్యి వంద అయింది, లెక్క పండుకున్న పిల్లి తీరు ముడుచుకున్నది. మంజీర సల్లారింది. ఎద్దులు సిగ్గుపడుకుంట తిరిగొచ్చినయ్."

"గొప్పదానివే," అన్నాడు బాపురావు.

"ఆగు, అయిపోలె. ముచ్చట ఢిల్లీ దాక పోయింది. టెలిగ్రాం తార్ అచ్చింది నాకు, నా పేరు మీద! 'గంగుబాయీ, ఎండాకాలం లెక్క గుడ తప్పినట్టున్నది, జెర అచ్చి సూర్యున్ని సక్కజెయ్యి' అని. నేను పోలె. నేను పోతె పిప్పి ఎవ్వలేస్తరు? ఈడ కూసునే బొగ్గుతోని ఇంకో గీత గీసిన. గా యేడు నడి ఎండాకాలం నిజామాబాద్ల జనం దుప్పట్లు కప్పుకొని పండుకున్నరా లేదా? ఎవ్వలనన్న అడుగు."

అడగాల్సిన మనిషి పక్కనే ఉన్నది. హుసేన్ బీ, ఆ పన్నెండేళ్లూ అదే పొయ్యి మూతి దగ్గర గంగుబాయి ఎదురుగా కూర్చున్న మనిషి. ఇంతసేపూ తల వంచుకుని వక్కలు కత్తిరిస్తున్నది. ఇప్పుడు అడకత్తెర ఆపింది.

"గంగూ," అన్నది. "అప్పట్ల గంపలు లెక్కవెట్టింది ఎవరు?"

"ఏ గంపలు?"

"పిప్పి గంపలే. పొయ్యిల ఏసినన్ని గంపలకు గోడమీద గీతలు పెట్టుమని సాబ్ నీకే చెప్పిండు. ఆడోళ్లల్ల అంకెలు వచ్చింది నీకొక్కదానికే అని."

"నేనే పెట్టిన. అయితె ఏంది?"

"మొదటి గంప ఎత్తినప్పుడు ఏమంటుంటివి?"

గంగుబాయి చాయ్ గ్లాసు చేతికి తీసుకున్నది. అందులో ఏమీ లేదు.

"లాభం," అన్నది, గొంతు తగ్గించి. "లాభం, రెండు, మూడు... లోకమంత గట్లనే గద కొలుస్తది. వడ్లైనా, పసుపైనా. మొదటిదాన్ని ఒకటి అని ఎవ్వలంటరు?"

"అనరు. మరి లాభానికి గీత పెట్టినవా?"

గంగుబాయి గ్లాసు అడుగులోకి చూసింది.

"పెట్టలె," హుసేన్ బీయే జవాబు చెప్పింది, అందరి వైపు తిరిగి. "లాభం దేవునిది, దానికి గీత ఏందని ఇడిచిపెట్టింది. రెండు కాడ షురూ చేసింది గీతలు. ఒక్కో పాకానికి పది గంపలు, గోడమీద తొమ్మిది గీతలు. మల్ల పాకం, మల్ల లాభం, మల్ల ఒక గంప మాయం. సాబ్ ఎచ్చు వేడి యాడికెల్లి అస్తున్నదని తొమ్మిది దినాలు ఏడ్చిండు గదా, గది గీ గంపల వేడే! లెక్క సక్కజేసిందట. లెక్కల తప్పు పెట్టిందే గీమె!"

ముందు రాధాబాయి నవ్వింది. తర్వాత బాపురావు, రెండు రోజుల బిగువు ఒక్కసారి విడిచినట్టు, తొడ మీద కొట్టుకుంటూ నవ్వాడు. గోదావరి మాత్రం నవ్వలేదు. లేచి గడప దాటి అరుగు మీదికి వచ్చింది.

"మరి తప్పు ఎట్ల దొరికింది అవ్వా?" అని అడిగింది. "ఎవరు పట్టిండ్రు?"

గంగుబాయి ఖాళీ గ్లాసును బోర్లించి పక్కన పెట్టింది.

"ఎవ్వరు పట్టలె," అన్నది. "నేనే చెప్పిన. ఆరో దినమే సమజైంది నాకు, సాబ్ గీతలు లెక్కవెడ్తుంటె సూసి. మూడు దినాలు నోరు మూసుకున్న. చెప్తె గంప గుంజుకొని ఎల్లగొడ్తరని. నాకు అంకెలొస్తయని పెద్ద పేరు గద, గీ ముచ్చట తెలిస్తె మొగం ఎట్ల సూపియ్యాలె అని. నా ఒక్కదాని సిగ్గు కోసం నలభై మంది కూడు పోతదని తెలుసు. తెలిసి గుడ మూసుకున్న. తొమ్మిదో దినం సేటు మిల్లుకు తాళం తెచ్చిండు. గప్పుడు పోయి చెప్పిన."

"గిది మాత్రం నిజం," అన్నది హుసేన్ బీ. "నేను ఎనుక నిలబడ్డ. నా కొంగు ఇడువకుండనే చెప్పింది గీమె."

బాపురావు నవ్వు ఆగింది. "సాబ్ ఏమన్నడు?"

"తిట్టలె. తిడ్తె బాగుండు అనిపిచ్చింది. కాగితాలన్ని నేలమీద పరిచి, గంపల అంకె మొదలు యాడ అచ్చిందో ఎతికిండు. గా వరుసకు మీదిదంత అట్లనే ఉంచిండు. గాడికెల్లి కిందిదే కొట్టేసిండు. మల్ల చేసిండు. పొద్దుగూకేసరికి కుదిరింది. తెల్లారి కొత్త గోడకు సున్నం ఏసి బొగ్గుముక్క నాకే ఇచ్చిండు. మిల్లు ఇంకో ఏడేండ్లు నడిచింది."

హుసేన్ బీ మళ్ళీ తల వంచింది గానీ వక్క కత్తిరించలేదు. ఆ ఏడేళ్లు ఇద్దరి ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది ఆ మిల్లు కూలితోనే.

బాపురావు గోదావరి వైపు చూశాడు.

"నీ పరీక్ష కాగితం ఉన్నదా?"

ఉన్నది. పెట్టె అడుగున, ఎనిమిది మడతలు పెట్టి. అరుగు మీద పరిచేసరికి మడతల దగ్గర చిరుగుతున్నది. బాపురావుకు చదువు రాదు. కాగితం మీదికి వంగి, బిడ్డ మొహం చూడకుండా అడిగాడు.

"యాడ తప్పింది?"

"ఇక్కడ బాపు. అయిదో వరుస. కూడే కాడ తీసేసిన."

"దాని మీదిదంత?"

"సరిగనే ఉన్నది."

"మీది నాలుగు వరుసలు సక్కగున్నయా?"

"సక్కగున్నయి బాపు."

చెరుకు ఆకు కోసిన గీతలున్న తన లావు వేలిని బాపురావు నాలుగో వరుస కింద పెట్టాడు. కాగితం జారకుండా గట్టిగా నొక్కిపట్టాడు.

"రాధా, పెన్సిలు తే," అన్నాడు. "గీడికెల్లి చెయ్ బిడ్డా. నువ్వు అయిందనేదాక నేను ఏలు తియ్య. బస్సు పొద్దుగాల ఏడింటికి. గప్పటిదాక అయితదా?"

"గంతసేపు ఎందుకు బాపు," అన్నది గోదావరి, అప్పటికే రాస్తూ.